మొగ్గలకు ఆదివారం తెల్వదు

నేను ప్రభుత్వ బడిలో ఆటల మాస్టర్ని. మెడలో విజిల్ లేకపోతే చొక్కా వేసుకోనట్టే ఉంటుంది నాకు. చర్చిలో యూత్ బాధ్యత నాకు అప్పగించిన రోజున మా పాస్టరయ్య నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, "విజిల్ మాత్రం ఇంట్ల పెట్టి రా నాయనా" అన్నాడు. ఆయన చెప్పిన మొదటి మాటే నేను వినలేదు.

మా చర్చి గద్వాలలో ఉంది. మానవపాడు, వడ్డేపల్లి, గట్టు, ఈ మూడు చోట్లా యూత్ కూడికలు జరిగేవి. ఒక్కో చోట ఒక వాలంటీరు. ఆ ముగ్గురినీ నడిపించడం, వాళ్ళకు వెనక అండగా నిలబడడం నా పని. నడిపించడం అన్నది నాకు వెంటనే అర్థమైంది. అండ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. గోడకు పెద్ద చార్టు అంటించాను. పాటలు ఎవరు, చాపలు ఎవరు, గుమ్మం దగ్గర చెప్పులు వరసలో పెట్టించేది ఎవరు, అంతా రంగు పెన్నులతో రాశాను. ఎవరి ప్రార్థనైనా ఏడు నిమిషాలు దాటితే విజిల్ ఊదేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దావిడ కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థిస్తుంటే కూడా ఊదాను. ఆమె ఉలిక్కిపడి, "ఏంది, బస్సొచ్చిందా?" అని సంచి అందుకుంది.

మూడు నెలలు తిరగకుండా మానవపాడు వాలంటీరు "ఇంట్ల జర పరేషాన్ ఉంది సార్" అని తప్పుకున్నాడు. వడ్డేపల్లి అమ్మాయి నా ఫోను ఎత్తడం మానేసింది. ఇద్దరూ పనిదొంగలని తేల్చేశాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

మిగిలింది గట్టు. అక్కడి వాలంటీరు కూలీల మేస్త్రి. అంటే పొలాలకు మనుషుల్ని పోగుచేసి తీసుకుపోయి, వాళ్ళ వెనక ఉండి పని చేయించే ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది కాని గొంతు విప్పితే చర్చి వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. మొదటి రోజు ఆమె వాక్యం చదువుతూ తడబడితే నేను మైకులోనే మూడుసార్లు సరిదిద్దాను. ఆ తర్వాత ఆమె మా ముందు మళ్ళీ చదవలేదు. పాటలు మాత్రం పాడించేది. నేను గమనించానా అంటే, చార్టులో "వాక్యం" గడిలో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను.

వానలు పడ్డాక గట్టు హాజరు తగ్గుతూ వచ్చింది. ఇరవై, పన్నెండు, నాలుగు. ఆదివారం ఆరాధనకు ముందు నేను పెట్టే మీటింగుకు ఆమె వరసగా రెండుసార్లు రాలేదు. మూడోసారి ఆరాధన అయిపోయే వేళకు వచ్చింది. చీర కొంగుకు మట్టి, గోళ్ళ నిండా పసుపు రంగు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నిండు సంఘం ముందు, "దేవుని పనికి తీరిక లేనివాళ్ళు వాలంటీర్లుగా ఎందుకుండాలి?" అన్నాను. ఆమె నావైపు చూసి, తల దించుకుని, వెళ్ళిపోయింది.

మర్నాడు మా ఆటో తమ్ముడు ఒక సంచి తెచ్చాడు. పిల్లల్ని కూడికలకు తిప్పేది అతనే. సంచిలో పాటల పుస్తకాలు, కంజీర, హాజరు రిజిస్టరు.

"అక్క పంపింది సార్. ఇంక తనతోని గాదంట."

పాస్టరయ్య దగ్గరికి పోతే ఆయన నన్ను ఓదార్చలేదు. "ఇద్దరు పోయిండ్రు. ఈమె గూడ పోతే గట్టుల కూడిక బంద్ అయినట్టే. ఆ పిల్లలు వచ్చేది ఆమె కోసం, నీ చార్టు కోసం గాదు. పో, బతిమాలుకో, సంచి ఆమె చేతిల పెట్టి రా" అన్నాడు.

నేను పోయాను, కాని బతిమాలడానికి కాదు. కూడిక అంటే ఎలా ఉండాలో చేసి చూపిస్తే ఆమెకే బుద్ధి వస్తుందనుకున్నాను. రెండో శనివారం, పొద్దున తొమ్మిదికి, గట్టులో ఒకరోజు యువజన శిబిరం. బ్యానరు కొట్టించాను. వాట్సాప్ గుంపులో పెడితే అందరూ బొటనవేలు ఎత్తి చూపించారు. ఆ బొటనవేళ్ళకు "చూశాం" అనే తప్ప "వస్తాం" అనే అర్థం లేదని నాకు తర్వాత తెలిసింది.

దారిలో ఆటో తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇప్పుడు క్రాసింగ్ టైం గద, పిల్లలు..."

"రోడ్డు చూసి నడుపు తమ్మీ" అన్నాను.

తొమ్మిదికి ఎనభై కుర్చీలు వేసి ఉన్నాయి. తొమ్మిదిన్నరకూ ఎనభై కుర్చీలే ఉన్నాయి. పావుతక్కువ పదికి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. వందనాలు చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "కండ్ల డాక్టరు నువ్వేనా?" అన్నాడు.

కాదన్నాను. అయినా లేవలేదు. కుర్చీ బాగుందట.

"తాతా, ఊళ్ళో పిల్లలంతా ఏరీ?"

"ఏడుంటరు? సీడు పత్తి క్రాసింగుకు పోయిండ్రు. పట్నం సారువు, నీకు గింత గూడ తెల్వదా? మొగ్గలకు ఆదివారం తెల్వదు, శనివారం తెల్వదు. రెండు నెలలు గింతే."

నాకు నిజంగానే తెలియదు. నేను వనపర్తిలో పుట్టి పెరిగాను, మా నాన్న దవాఖానలో కాంపౌండరు. మా ఇంట్లో పత్తి అంటే గాయానికి పెట్టే దూది. విత్తన పత్తి ఎలా పండుతుందో ఆ రోజు దాకా ఎవరినీ అడగలేదు. తాతే చెప్పాడు: క్రాసింగు అంటే, ఆడ చెట్ల మొగ్గల్ని మధ్యాహ్నం గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ పువ్వులు తెచ్చి, ఒక్కొక్క మొగ్గ కొనకూ పుప్పొడి రాస్తారు. ఒక్కరోజు ఆగితే ఆ మొగ్గ పనికిరాదు. నా రంగు పెన్నుల చార్టుకు ఆ చేలో విలువ లేదు.

సంచి తీసుకుని ఆటో ఎక్కాను. ఈసారి అద్దంలో తమ్ముడి పళ్ళు కనిపించాయి.

చేను గట్టున దిగి చూస్తే నా యూత్ మొత్తం అక్కడే ఉంది. లెక్కపెట్టాను, ఆటల మాస్టరు బుద్ధి పోదు కదా. ఇరవై ముగ్గురు. డిగ్రీ చదివే ఆడపిల్లలు, పెళ్ళీడు మగపిల్లలు, నడుముకు పువ్వుల గుడ్డలు కట్టుకుని సాళ్ళలో వంగి ఉన్నారు. ఆమె వాళ్ళ వెనక నడుస్తోంది.

"వందనాలు సార్" అంది, చెయ్యి ఆపకుండానే. "పదకొండు దాటితే పని సాగదు. బువ్వ యాళ్ళకు మాట్లాడదాం."

ఉత్తినే నిలబడితే పరువు పోతుందని, "నేనూ చేస్తా" అన్నాను. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె నాకు ఒక సాలు చూపించి, ఒక డిగ్రీ అమ్మాయిని పక్కన పెట్టింది. మెడలో విజిల్ కొమ్మలకు తగులుకుంటుంటే ఆ అమ్మాయే తీసి తన మెడలో వేసుకుంది. మొదటి మొగ్గ నా చేతిలో పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే. మూడోదాన్ని విరగ్గొట్టి ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను.

ఆమె చూసింది. దగ్గరికి వచ్చింది. మైకులో నేను మూడుసార్లు సరిదిద్దిన మనిషి. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

"మెల్లగ సార్" అంది, నాకు మాత్రమే వినిపించేలా. "మొదటి దినం నేను గూడ పది ఇరగ్గొట్టిన." ఒక మొగ్గను రెండు వేళ్ళ మధ్య ఎలా పట్టాలో చూపించి, పుప్పొడి నా చేత రాయించి, "ఆఁ, గట్లనే" అని ముందుకు పోయింది. జేబు సంగతి ఎత్తలేదు. నాకు అక్కడికక్కడే సిగ్గేసింది. ఎండ కన్నా ఆ సిగ్గే ఎక్కువ మాడ్చింది.

పన్నెండుకు అందరూ నీడకు చేరి టిఫిను డబ్బాలు విప్పారు. అప్పుడు చూశాను అసలు కూడిక. ఒకడు ఖాళీ డబ్బా మీద దరువు వేస్తే ఆమె పాట ఎత్తింది. ఆమె వాక్యం చూడకుండా చెప్పింది, ఎక్కడా తడబడలేదు. ఎవరి అమ్మకు జ్వరం, ఎవరికి పరీక్ష పోయింది, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు, అన్నీ అడిగింది. మాట్లాడుకోని ఇద్దరికీ మధ్యాహ్నం పక్కపక్క సాళ్ళు ఇచ్చింది. ఇవన్నీ అన్నం తింటూనే.

"ఇది రోజూ ఉంటుందా?" అన్నాను.

"రోజు ఉంటది సార్."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పనిస్తిరా? నోరు తెరిస్తే విజిల్ ఊదుతుంటిరి." కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. "ఆ దినం గూడ ఈ సంగతి చెప్దామనే, పని గాంగనే ఉరికురికి వచ్చిన. మీరు నలుగుర్ల గట్లన్నరు. రాత్రంత ఏడ్చిన సార్."

తింటున్న ముద్ద పక్కన పెట్టాను. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ చెప్పాలనిపించి లేచి నిలబడ్డాను. ఈ చెల్లె విషయంలో తప్పు చేశానని చెప్పాను. అది ఒక్క నిమిషంలో అయిపోయింది. అక్కడ కూర్చుని ఉంటే బాగుండేది. కాని ఇరవై ముగ్గురు శ్రద్ధగా వింటుంటే నాకు ఊపు వచ్చింది. తప్పు అంటే ఏమిటి, మొదటి తప్పు ఎవరు చేశారు అంటూ ఏదెను తోట దాకా పోయాను. హవ్వ పండు కోసే చోట నా చెవి పక్కనే విజిల్ మోగింది.

ఆమె. డిగ్రీ అమ్మాయి మెడలోది అందుకుని ఊదింది.

"క్షమాపణ మస్తుగుంది సార్" అంది. "ఏడు నిమిషాలు దాటింది."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతూ సాళ్ళలోకి లేచిపోయారు. ఆమె కూడా నవ్వింది. నేను హవ్వను అక్కడే వదిలేసి వాళ్ళ వెనక నీళ్ళ క్యాను మోశాను. మొగ్గలు ఒలిచే పని మాత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు.

పొద్దుగూకే ముందు అందరూ ఇళ్ళకు బయలుదేరారు. సంచి ఆటోలో నా కాళ్ళ దగ్గరే ఉంది. పొద్దుట నుంచి రెండుసార్లు ఆమె దగ్గర పెట్టాను, రెండుసార్లూ చూడనట్టే పోయింది. మూడోసారి అడగడానికి నోరు రాలేదు. మొన్నటిదాకా సంఘం ముందు అరిచిన నోరు అది. క్షమించింది సరే, తిరిగి రమ్మనే హక్కు నాకెక్కడిది? పోనీ, సంచి పాస్టరయ్యకు ఇచ్చి నేనే తప్పుకుందామనుకున్నాను.

తమ్ముడు ఆటో స్టార్ట్ చేశాడు. ఆమె పక్కకు వచ్చి లోపలికి చెయ్యి చాపింది. నా విజిల్ నా ఒళ్ళో పెట్టింది. కాళ్ళ దగ్గరి సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

"వచ్చే ఆదివారం చేన్లనే కూడిక. జర యాళ్ళకు రా" అంది. "కంజీర నేను తెస్త. నువ్వు నీళ్ళు తే, అన్నా."

ఇన్నాళ్ళూ నన్ను సార్ అన్న మనిషి. నేను తల ఊపాను. ఆటో కదిలాక తమ్ముడు అద్దంలో చూసి, "కండ్లల్ల పుప్పొడి పడ్డదా సార్?" అన్నాడు.

"రోడ్డు చూసి నడుపు తమ్మీ" అన్నాను.