జాలీ తీసిన ఐదు నిమిషాలు

ఎడ్లపాడు దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో నేను ఫిట్టర్‌ని. కరెంటుతో పనిచేసేవాణ్ణి గనక నాకు షాకులంటే భయమనుకుంటారు చుట్టాలు. కరెంటు సంగతి నాకు తెలుసు, దాన్ని ఎక్కడ కట్టెయ్యాలో కూడా తెలుసు. నేను భయపడేది ఏడాదికొక్కరోజు. ఆయుధపూజ రోజు. పండగపూట ఇవేం మాటలని మా ఆవిడ కసురుతుంది కానీ, చెప్పక తప్పదు.

పత్తిలోంచి గింజలు వేరుచేసే మిషన్లు మావి. ఒక్కో మిషనుకి ఒక మోటారు, రెంటి మధ్య జానెడు వెడల్పు బెల్టు, ఆ బెల్టుకి నా నడుమెత్తు చక్రం. దాని మీద ఇనప జాలీ కప్పి, నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. తిరిగే బెల్టుకి చీరకొంగూ, జడా, చెయ్యీ అన్నీ ఒకటే. దేన్ని అందుకున్నా వదలదు. పని నేర్చుకునే రోజుల్లో వేరే మిల్లులో బెల్టు ఒకామె జడని అందుకోవడం కళ్లారా చూశాను. పరుగెత్తి స్విచ్చి కట్టేసింది నేనే. ఆమె బతికింది. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా తలకి గుడ్డ కట్టుకునే ఉండేది. ఎదురైతే నేను పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి.

అంత తెలిసినవాణ్ణి, ఈ మిల్లులో ఏడేళ్లు ఏం చేశానో వినండి.

పూజ రోజు పొద్దున్నే జాలీలన్నీ విప్పేవాణ్ణి. బొట్టు జాలీకి పెడితే చెల్లదట, చక్రానికే పెట్టాలట. ఓనరు గారి నాన్న కాలంనుంచి వస్తున్న పద్ధతి అది. విప్పడం అయ్యాక పానాలు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు కడిగి, పసుపు రాసి అమ్మవారి పటం ముందు పెట్టాలి. చిక్కంతా అక్కడే. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాటి వరకు ముట్టుకోకూడదు. కానీ పూజ అయిన వెంటనే బోణీగా మిషన్లు ఐదు నిమిషాలు తిప్పాలి. అంటే బిగించాల్సిన పానా దేవుడి దగ్గర, జాలీ గోడ దగ్గర. చక్రం మాత్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది.

మామూలు రోజుల్లో మా ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు బిగించి పనిలోకి దిగుతారు. ఆ ఒక్కరోజు చొక్కా లేదు, తువ్వాలు లేదు. కొత్త చీరలు, జడల నిండా పూలు. వాళ్లలో ఒకామె హారతి పళ్లెం పట్టుకుని, తిరిగే మిషన్ల పక్కగా చివరిదాకా నడవాలి. అన్నింటినీ ఆపే ఎర్ర బటన్ మీద చెయ్యి పెట్టుకుని, ఐదు నిమిషాలూ నేను సెకన్లు లెక్కపెడుతూ నిలబడేవాణ్ణి. ఒక్క మాట అనలేదు. మొదటి ఏడాది కొత్తవాణ్ణి కదా అని. తర్వాత, ఏమీ కాలేదు కదా అని.

ఎనిమిదో ఏడాది మా ఆవిడ కూడా మిల్లులో పనికి చేరింది. పండక్కి చిలకలూరిపేటలో నేనే ఆమెకి నెమలికంఠం రంగు చీర కొన్నాను. జారుడు గుడ్డ. భుజం మీద నిలవదు, మాటిమాటికీ ఎగదోసుకోవాలి. కొత్తగా చేరిన ముత్తైదువ, ఈసారి హారతి ఈమె చేతే ఇప్పించమన్నారు ఓనరు గారు. ఆమె ముఖం వెలిగిపోయింది. నా చూపు ఆమె కొంగు మీదికి పోయింది. కొంగు బొడ్లో దోపుకోమని చెబుదామని నోరు తెరిచేలోపే గంట మోగింది, స్విచ్చి వేయమని ఓనరు గారు చెయ్యూపారు. వేశాను.

అందరూ సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఆమె మూడు మిషన్లు దాటింది. నాలుగోదాని దగ్గర దారి ఇరుకు. ఆ ఇరుకులోనే నేను గోడకి ఆనించిన జాలీ ఉంది. కొత్త చీరకి తుప్పు అంటుకుంటుందని ఆమె చక్రం వైపుకి జరిగింది. బెల్టు గాలికి కొంగు లేచింది. ఆమె చూసుకోలేదు. రెండు చేతులా పళ్లెం పట్టుకుని, కర్పూరం ఆరిపోకుండా కాచుకుంటోంది.

బటన్ గుద్దాను. చక్రం వెంటనే ఆగదు. కరెంటు పోయినా తన బరువుకి తాను కాసేపు తిరుగుతుంది. అరిచానో లేదో గుర్తులేదు. కొంగు వెళ్లి చక్రం మీద పడి, బెల్టు కిందికి పోయింది. పళ్లెం నేలమీద పడిన చప్పుడు విన్నాను. ఆమె పక్కకి లాగేసినట్టు ఒరిగింది. కొంగంతా ఎరుపు.

అక్కడిదాకా ఎలా పరుగెత్తానో దేవుడికే తెలియాలి. మా పిల్లలు కూడా గుర్తురాలేదు, ఆ పాత మిల్లులోని ఆమె తలగుడ్డ ఒక్కటే కళ్లముందు ఉంది. తీరా చూస్తే చక్రం ఆగిపోయి ఉంది. బెల్టుకీ ఆమె భుజానికీ మధ్య జానెడు చీర మిగిలింది. ఆ ఎరుపు, పొద్దున చక్రానికి పెట్టిన తడి కుంకుమ.

హారతి నేలపాలైందని అందరూ గుసగుసలాడారు. ఓనరు గారికి అపశకునం భయం పట్టుకుంది. బోణీ మధ్యలో ఆగకూడదు, మళ్లీ స్విచ్చి వేయమన్నారు. నేను అమ్మవారి పటం దగ్గరికి నడిచి, మందారాల కిందినుంచి పానా లాగాను.

"ఒరేయ్, పూజలో పెట్టిన పానా తీస్తావేందిరా? అమ్మవారికి కోపం రాదా?" అన్నారాయన.

"వస్తే నామీద రానియ్యండయ్యా. జాలీలు బిగించినాక మీ ఇష్టం, ఎంతసేపైనా తిప్పుకోండి" అన్నాను.

ఒంటిచేత్తో జాలీ ఆనించి పట్టుకుంటే బోల్టు కన్నంలోకి దిగలేదు. మా ఆవిడే కొంగు బొడ్లో దోపి, జాలీ ఎత్తి పట్టుకుంది. పసుపు పానాతో ఒక్కొక్కటే బిగించాను. ఆ ఏడాదినుంచి మా మిల్లులో బొట్టు జాలీకే పెడుతున్నారు.

ఇంటికి వచ్చాక ఆమె మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. బకెట్లో చీర నానేసి, కుంకుమ మరక రుద్దుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, ఆ చక్రం అట్టా లాగుద్దని నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను. ఏడేళ్లుగా పూజ పూజకీ భయపడుతూనే ఉన్నానని కూడా చెప్పాను, అదేదో నా మంచితనం అయినట్టు.

"చానా భయపడ్డావులే. నేను కాబట్టి పానా తీసినావు. మిగతావాళ్లు మనుషులు కాదా?"

ఆ కొంగు గాలికి లేచిన తీరు, నెమలికంఠం రంగు మీద ఆ ఎరుపు, అన్నీ నిన్నటిలా గుర్తున్నాయి. అంతకుముందు ఏడేళ్లూ హారతి పట్టుకుని నా ముందునుంచి నడిచిన ఆడవాళ్ల చీరల్లో ఒక్కదాని రంగూ గుర్తులేదు.