పదో సంతకం

మా ఊరి కమ్యూనిటీ హాలు చరిత్ర ఎక్కడా రాసి లేదు. గుమ్మం పక్కన గోడలో ఒక రాతిపలక మాత్రం ఉంది. దాని మీద ప్రారంభం రోజు కారులో వచ్చి రిబ్బను కత్తిరించి పోయిన పెద్దమనిషి పేరు ఉంది. గుట్ట నుంచి ఎడ్లబండ్ల మీద రాళ్లు తోలినవాళ్ల పేర్లు లేవు. అలా తోలినవాళ్లలో మా బాపు ఒకడు. అప్పటికి నేను పుట్టలేదు. పంచాయతీ సిమెంటు ఇచ్చిందట, ఊరు రెక్కల కష్టం పెట్టిందట. వెనక పెళ్లిళ్లకు పెద్ద హాలు, ముందు గ్రంథాలయానికి ఒక గది. దేవరకొండ బస్సు ఆగేది అక్కడే కాబట్టి ఊరికి అదే నడిబొడ్డు.

బాపుకు చదువు రాదు. అయినా రోజూ గ్రంథాలయానికి పోయేవాడు. మా ఊళ్లో ఇందులో వింతేమీ లేదు, అక్కడ పేపరు వినేవాళ్లే ఎక్కువ. పొద్దున తొమ్మిదింటికి, రిటైరైన పోస్టుమన్ ఒకాయన కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి గట్టిగా చదివేవాడు. చుట్టూ ఏడెనిమిది మంది: రైతులు, ఒక గొర్రెలకాపరి, సైకిళ్లు బాగుచేసే తాత. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరి ఉత్తరాలన్నీ చదివిపెట్టిన మనిషి కాబట్టి ఆయన దేన్నీ వదిలేవాడు కాదు. కాగితం చేతికొస్తే పైనుంచి కింది దాకా చదవాల్సిందే, చివరికి తప్పిపోయినవారి ప్రకటన కూడా. బాపు మధ్యలో ఒకే ఒక్క మాట అడిగేవాడు.

"మన దిక్కు నీళ్ల ముచ్చట ఏమన్న రాసిన్రా?"

ఉంటే పోస్టుమన్ చదివేవాడు. లేకపోతే "ఇయ్యాల లేదే" అనేవాడు. రెండు బోర్లు ఎండిపోయిన చెలక మాది. కాలువ వస్తుందన్న వార్త కోసమే బాపు అంతసేపు కూర్చునేవాడని నాకు తెలుసు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఉద్యోగాల మీద ఆశ ఊరూరా పాకింది. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు వచ్చాయని విని నేనూ చేరాను. పది కుర్చీలకు పాతికమంది తయారయ్యాం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, ఫ్యాను గాలి కూడా అందరికీ చాలేది కాదు. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టినట్టే అక్కడా పట్టాలి. నా కోసం ఆ పని బాపు చేసేవాడు. తెల్లారి పాలు పోసి వస్తూ, తలుపు తీయగానే ఫ్యాను కింది కుర్చీ మీద తన ఎర్రగళ్ల తువ్వాల వేసి, నేను వచ్చేదాకా పక్కనే నిలబడేవాడు. వచ్చాక తువ్వాల భుజాన వేసుకుని, పేపరు వినేవాళ్లలో పోయి కూర్చునేవాడు.

పరీక్ష దగ్గరపడ్డది. మాకు పోస్టుమన్ పేపరు చదువుడు చెవిలో జోరీగ అయ్యింది. నిజం చెప్పాలంటే, వెనక హాల్లో పెళ్లి బ్యాండు మోగినప్పుడు మేమెవరం నోరెత్తలేదు. ముసలివాళ్ల మీద మాత్రం మాకు కోపం బాగా వచ్చేది. తోటివాళ్లు అర్జీ పెడదామన్నారు. నా దస్తూరి బాగుంటుందని నన్నే రాయమన్నారు. రాశాను. "కొందరు నిరక్షరాస్యులు గ్రంథాలయంలో గుమికూడి చదువుకునేవారికి ఆటంకం కలిగిస్తున్నందున" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గ్రంథాలయం చూసే సారు మెతక మనిషి. "మీ పోరగాండ్ల సంతకాలు సాలవు. ఊరోళ్లయి పది తెండ్రి. రేపు నన్నెవలన్న నిలదీస్తరు," అన్నాడు. షాపులవాళ్లవీ తెలిసినవాళ్లవీ తొమ్మిది దొరికాయి. పదో సంతకం కోసం కాగితం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాం. అప్పుడే బాపు వచ్చాడు.

"ఏంది బిడ్డా గది?"

"లైబ్రరీ బాగుకోసం బాపూ. ఊరోళ్ల సంతకాలు కావాలంట."

అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. బాపు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశాడు. "గీ అచ్చరాలు నా బిడ్డయే," అని పక్కనున్నవాళ్లకు చూపించాడు. వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా తలకు తుడుచుకున్నాడు. దాని పక్కన బాపు పేరు నేనే రాశాను. ఆ సాయంత్రమే కాగితం సారుకు ఇచ్చేశాం.

రెండు రోజులకు గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు వచ్చింది. పోస్టుమన్ రావడం మానేశాడు. వినేవాళ్లు కొన్నాళ్లు మెట్ల మీద కూర్చుని, తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు. ఏరు దాటి తెప్ప తగలేసిన సామెత ఉంది. మేము ఏరు దాటనే లేదు, ముందే తగలేశాం. బాపు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి తువ్వాల వేసి, నేను రాగానే వెళ్లిపోయేవాడు. నీళ్ల ముచ్చట ఎవరినడిగి తెలుసుకునేవాడో నేను ఆలోచించలేదు. ఇంటికొచ్చి పేపరు చదివి వినిపించాలని కూడా నాకు తోచలేదు.

పరీక్ష ఒకసారి వాయిదా పడింది, ఒకసారి రద్దయింది. మూడోసారి ఉద్యోగం వచ్చింది, నల్గొండలో చిన్న గుమస్తా పని. హాలుకు ఇప్పుడు టైల్స్ వేశారు, ఏసీ పెట్టారు. ముందు గదిలో నలుగురు పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్లు చూస్తుంటారు. బోర్డు అలాగే ఉంది.

ఆదివారాలు ఇంటికి పోయినప్పుడు నేనే బాపుకు పేపరు చదువుతున్నాను. మొన్న ఒకరోజు కాలువ పనుల గురించి చదువుతూ మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్లుగా దాచుకున్నది ఆ రోజు బయటికి వచ్చింది.

"బాపూ, గప్పుడు నీతోని ఏలుముద్ర ఏయించిన కాగితం..."

"ఎరుకే," అన్నాడు బాపు. "సారు తన నోటితోని చెప్పలేక, తెల్లారే మీ పోరగాండ్లు ఇంక రాకముందే, దాన్ని పోస్టుమన్ చేతిలో పెట్టిండు. ఆయన సంగతి ఎరుకేనాయె, అందరి ముంగట మొత్తం సదివిండు. నిరచ్చరాస్యులంటే ఎవలే అని నేనే అడిగిన. మనమే అన్నడు. కింద పేర్లు గూడ సదివిండు. నా పేరు కాడ జర ఆగిండు."

అంటే ఆ గదిలో ఆఖరుసారి గట్టిగా చదివింది నా అర్జీనే. అది విన్న మర్నాడు కూడా బాపు వచ్చి నా కుర్చీ మీద తువ్వాల వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"మరి నన్నెందుకు అడగకపోతివి?"

"ఏమడుగుత? నీ పరీచ్చ దగ్గరికొచ్చె."

బాపు నా చేతిలోని పేపరు వైపు చూస్తూ, "నువ్వు ఉన్న ముచ్చట చెప్పి అడిగినా ఏలుముద్ర ఏసేటోన్నే గద బిడ్డా," అన్నాడు.