కమాన్ మీద రైలు

మా ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. బస్సు డిపో ఉంది, నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. రిటైరయ్యాక ఊరికి రైలు నేనే తెద్దామనుకున్నాను. మోచేయంత ఇంజను, మూడు పెట్టెలు, పెరట్లో పట్టాలు. దారికి అడ్డంగా వాడుకనీళ్ల కాలువ ఉంది. ఒక చెక్క అడ్డం వేస్తే సరిపోయేది. కానీ చెక్కను చూసి ఎవరు మెచ్చుకుంటారు? విల్లులా వంగిన కాంక్రీటు వంతెనే కావాలన్నాను.

వంతెన దిగే చోట మా ఆవిడ గోంగూర మడి ఉంది, పట్టాలు దాని మీదుగానే పోవాలి. "దసరా దాంక చూస్త. నీ రైలు వంతెన దాటకుంటే నా మడి నాకియ్యాలె" అంది. సరేనన్నాను. ఓడిపోతానని ఎవడనుకుంటాడు?

పిలిపించిన మేస్త్రీ మా సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్ల వెంచర్లకు స్వాగత ద్వారాలు కట్టి చెయ్యి తిరిగినవాడు. లోపల ఇల్లొక్కటి లేకున్నా ముందర కమాన్ ఉండాలి కదా. "కమాన్ లెక్క వంగాలె" అని చెప్పాను.

"కమానే గదా అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఫికర్ నేనే చేశాను. సొరకాయంత బరువుండే రైలుకు లారీ ఎక్కినా ఆగేంత ఇనుము తెప్పించాను. సిమెంటు రెట్టింపు కలపమని మరీ మరీ చెప్పి, పట్టాలు కొనడానికి సిటీకి పోయి, తుర్కయాంజాల్‌లో తమ్ముడింట్లో వారం ఉండిపోయాను.

వచ్చి చూస్తే వంపు కుదిరింది. పైన మాత్రం అటూ ఇటూ తామరమొగ్గలు, నడుమ పేరు రాసే పలక, నిటారుగా, సరిగ్గా రైలు పోవాల్సిన చోట. మా ఆవిడ వారమంతా దానికి పొద్దూ మాపూ నీళ్లు పట్టిందట. ఫోన్లో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

"వెంచర్ పేరేం రాయాలె అన్నా?" అన్నాడు మేస్త్రీ.

"దీని మీదికెళ్లి రైలు పోవాలె."

అతను నన్ను జాలిగా చూశాడు. "కమాన్ కిందికెళ్లి పోతరు గని, మీదికెళ్లి ఎవడన్న పోతడా?"

పలక పగలగొడదామని సుత్తె ఎత్తాను. సుత్తె కర్ర విరిగింది, పలక అట్లాగే ఉంది. రెట్టింపు సిమెంటు వేయించిన మహానుభావుణ్ణి తిట్టుకున్నాను. ఈలోగా గోడ మీంచి తొంగిచూసి "గజం ఎంత?" అని అడిగిపోయేవాళ్లు మొదలయ్యారు.

దసరా రానే వచ్చింది. రైలు చేతిలో పట్టుకుని కమాన్ ముందు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొక్కటే తక్కువ. మా ఆవిడ కాసేపు చూసి, "కిందికెళ్లి పోనీయి" అంది.

మడి జోలికి పోకుండా కాలువ గట్టు వెంట పట్టాలు పరిచాను. రైలు కమాన్ కింద దూరి అవతల తేలింది. ఆమె వంగి మరీ చూసింది. "మల్లొకపారి తిప్పు" అంది. ఓడిపోయినా నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు గోంగూర విత్తనాలు చల్లి, పలక మీద సుద్దతో తనే రాసింది: "ఈ జాగ అమ్మబడదు."

అది గోడ అవతలి వాళ్లకా, నాకా అని నేను అడగలేదు.