తెల్ల సూపు, నా కడుపుమంట

ఇప్పుడంటే ఎవరి వంటను ఎవరు మెచ్చుకున్నా పోనీలే అనుకునే వయసు వచ్చింది కానీ, కువైట్‌కు వచ్చిన కొత్తల్లో, ఇరవయ్యారేళ్ళ పొగరులో, నా ముందు ఇంకొకరి వంటను పొగిడితే ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. రుమైథియాలో ఒక ఇంట్లో వంటపని నాది. రాయచోటి పక్కన పల్లెలో పుట్టి, సముద్రమంటే విమానంలోంచి తప్ప చూడనిదాన్ని, మూడు నెలల్లో మచ్‌బూస్ వండటం నేర్చుకున్నాను (మసాలా వేసి మాంసంతో వండే వాళ్ళ అన్నం, మన బిర్యానీకి కొంచెం నెమ్మదస్తురాలైన చెల్లెలు అనుకోండి). ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా యజమాని, అంటే బాబా, తల్లి భోజనానికి వచ్చేది. యజమానురాలిని మామా అని పిలిచేదాన్ని కాబట్టి ఆవిడను పెద్ద మామా అనేదాన్ని. తిన్నాక వంటింటి గుమ్మం దాకా వచ్చి, నా భుజం తట్టి, "తస్లమ్ ఈదిచ్" అనేది. నీ చెయ్యి చల్లగా ఉండాలని దీవెన. ఆ ఒక్క మాటతో నాకు వారమంతా గడిచిపోయేది.

అలాంటి ఇంట్లోకి, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఫిలిప్పీనా అమ్మాయి వచ్చింది. పొద్దున లేచింది మొదలు నవ్వుతూనే ఉండేది కాబట్టి నేను మనసులో నవ్వులపిల్ల అని పేరు పెట్టుకున్నాను (ప్రేమతో పెట్టిన పేరు కాదని చెప్పక్కర్లేదు). వచ్చిన మొదటి శుక్రవారమే మామాను అడిగి ఒక సూపు చేసింది. దాని పేరు క్లామ్ చౌడర్ అట. ఆల్చిప్పల్లాంటి వాటిని ఉడికించి, లోపలి మాంసం తీసి, వెన్న, ఉల్లిపాయ, బంగాళాదుంప ముక్కలు, పాలు, క్రీము వేసి చిక్కగా కాచింది. పిల్లలు గిన్నెలు నాకారు. పెద్ద మామా రెండుసార్లు పోయించుకుని, ఆ పిల్లను దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నా భుజం తట్టడానికి మూడు నెలలు పట్టిన మనిషి! ఆ రోజు నా మచ్‌బూస్ సగానికి సగం మిగిలిపోయింది.

ఊళ్ళో ఉన్న వదినకు ఫోన్ చేసి కక్కేశాను. "పాలల్లో ఉర్లగడ్డ ముక్కలేసినట్ల సప్పగా ఉంటాది వదినా. దానికి ఈళ్ళు పడి సస్తాండారు!"

"అయితే నువ్వూ చెయ్యి. నీకేం చేతుల్లేవా?" అంది వదిన.

నిజమే కదా అనిపించింది. తర్వాత మూడు శుక్రవారాలూ, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ, ఓరకంట ఆ పిల్ల చేసేదంతా చూశాను. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. ఆ చిప్పల్ని ఉప్పునీళ్ళలో వేసి గంటల కొద్దీ వదిలేసేది. పని ఎగ్గొట్టడానికి ఇదొక వంక అనుకున్నాను.

ఆ పై శుక్రవారం ఆ పిల్లకు సెలవు. పొద్దున్నే తయారై బయటికి పోయింది. "ఈరోజు సూపు నేను చేస్తాను" అన్నాను. మామా అనుమానంగా చూసి, "నీకు వచ్చా?" అంది. "ఐవా మామా" అని గట్టిగా తలూపాను. డ్రైవరు జగిత్యాల తమ్ముడు చేపల మార్కెట్టుకు పోయి ఒక సంచి చిప్పలు తెచ్చి, బల్ల మీద పోసి మొహం చిట్లించాడు.

"అక్కా, గివి తింటరా? మా చెరువుల గిసొంటియి కాళ్ళకు గుచ్చుకుంటయ్ గని ఎవ్వలు తినరు."

"నీకేం తెలుస్తాది, పో సామీ" అని పంపేశాను.

రెండుసార్లు గబగబా కడిగి, కుండలో ఉడకబెట్టి, అవి నోళ్ళు తెరవగానే మాంసం, ఉడికిన నీళ్ళు అన్నీ పాలలో కలిపేశాను. రుచి చూద్దామని ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే కాస్త నీచువాసన. నీచుకు మన విరుగుడు నిమ్మకాయే కదా? ఒక చెక్క పిండాను. (మీరు ఊహించింది నిజమే.) చూస్తుండగానే పాలు విరిగి, సూపు కాస్తా జున్నులా తయారైంది. మామా అవతల బల్ల సర్దుతోంది. మొత్తం మిక్సీలో పోసి తిప్పాను. మిక్సీ గరగరమంది. కొత్త బ్లేడు కదా, అలాగే అంటుందిలే అనుకున్నాను. గిన్నెలోకి వంచితే నున్నగా, పట్టులా జారింది. ఆ పిల్ల సూపుకన్నా నాదే అందంగా ఉందని, దేవుడి సాక్షిగా, అనుకున్నాను.

తలుపు చాటున నిలబడ్డాను. బాబా ఒక చెంచా నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. పెద్ద మామా మెల్లగా కట్టుడు పళ్ళు తీసి రుమాల్లో పెట్టుకుంది. నాలుగేళ్ళ చిన్నోడు గిన్నెలోకి తొంగిచూసి, "మామా, ఇందులో బీచ్ ఉంది!" అని అరిచాడు. మామా నావైపు తిరిగి, "ఖలాస్" అంది. గిన్నెలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను.

జాలిపడి రుచి చూసిన డ్రైవరు తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. "అక్కా, నేను సులైబియాల కాంక్రీటు పనిజేసినప్పుడు గిట్లనే నోట్లె పడుతుండె."

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తీసుకుని నవ్వులపిల్ల వచ్చింది. బల్ల మీద చిప్పలు, మిక్సీలో సూపు, నా మొహం చూసింది. వేలితో కొంచెం తీసి నాకింది. ఇక చూడండి, పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. నన్ను చూసి నవ్వాపి, పక్కకు వచ్చి కూర్చుంది.

"సిస్టర్, ఉప్పునీళ్ళలో పెడితే అవే ఇసుక కక్కేస్తాయి. నన్ను అడగలేదేం?" అంది వచ్చీరాని అరబీలో.

"నువ్వు నవ్వుతావని" అన్నాను.

ఆ పిల్ల గోళ్ళు చూసుకుంటూ అంది: "పెద్ద మామా నా సూపు తాగిన ప్రతిసారీ ఏమంటుందో తెలుసా? సూపు బాగుంది కానీ, అన్నం ఆ సిస్టర్ దగ్గర నేర్చుకో అంటుంది. నువ్వు లేనప్పుడు నాలుగుసార్లు వండాను. నాలుగుసార్లూ మెత్తటి ముద్ద. తీసుకుపోయి మేడమీద పావురాలకు వేశాను. అవి కూడా తినలేదు."

ఈసారి నేను నవ్వాను. ఎంత నవ్వానంటే, మామా వంటింట్లోకి వచ్చి, ఇద్దరికీ ఏదో సోకిందేమోనని కంగారుపడింది. ఆ మరుసటి శుక్రవారం నుంచి వంటింట్లో ఇద్దరం. నాకు ఆమె సూపు నేర్పింది, నేను అన్నం నేర్పాను.

ఆరేళ్ళయింది ఆమె దేశానికి వెళ్ళిపోయి. మొన్న వీడియోలో మాట్లాడింది. తమ్ముడి పెళ్ళికి వంద మందికి మచ్‌బూస్ వండిందట, జనం వంట ఎవరిదని విరగబడి అడిగారట.

"మరి నా పేరు చెప్పినావా?" అన్నాను.

"చెప్పాను సిస్టర్" అంది, నవ్వుతూ.

చెప్పే ఉంటుంది. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. చాలా సంతోషం అని మనస్ఫూర్తిగానే అన్నాను. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగితే అద్దంలో నా మొహం కనిపించింది. నలభై దగ్గరపడుతున్న ఆ పెద్దమనిషి మూతి, పొడుచుకొచ్చినట్టు ఇంత పొడుగుంది.