చీపురు గీతలున్న దెయ్యాల ఇల్లు

అప్పటికే ఆ పిల్ల నా ఎడమ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. కుడి చేతిలో ఇస్త్రీ పెట్టె, దాని కింద వాళ్ల నాన్న తొడుక్కునే పొడవాటి తెల్ల దిష్దాషా. టీవీలో ఒకావిడ పాడుబడ్డ ఇంట్లో తలుపు బాదుతూ ఏడుస్తోంది.

"వదులమ్మా, బట్ట కాలిపోద్ది!" అన్నాను, కంగారులో తెలుగులోనే. వదల్లేదు. నిజం చెప్పాలంటే నేనూ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

కువైట్‌లో, ఎగైలాలో ఆ ఇంట్లో పనికి చేరి రెండో ఏడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా, అంటే మా ఇంటావిడ, పడుకునేది. నేను హాల్లో ఇస్త్రీ పెట్టుకునేదాన్ని. పదమూడేళ్ల కూతురు సౌండు తగ్గించి ఆ ప్రోగ్రాం పెట్టేది. మామూలు మనుషుల్ని దెయ్యాలున్నాయనే ఇంట్లోకి పంపి తాళం వేస్తారు. మూలమూలనా కెమెరాలు. చివరిదాకా ఉన్నవాళ్లకి బహుమతి. "ఇది సినిమా కాదు, నిజం" అని నాకు ప్రతిసారీ చెప్పేది. వంటావిడను నేను అక్కా అని పిలవడం విని, తనూ నన్ను అక్కా అనేది. "మామాకి చెప్పకు అక్కా" అని ఒట్టు వేయించుకుంది. వేసేశాను.

పది రోజులు తిరిగేసరికి తను ఒంటరిగా పడుకోవడం మానేసింది. నా పరుపు తన గదిలోకి వెళ్లింది. తను స్నానానికి వెళ్తే నేను తలుపు బయట నిలబడి ఏదో ఒకటి వాగుతూ ఉండాలి. వాగడం నాకేం కష్టం కాదు గానీ, మామాకి అనుమానం వచ్చింది. వంటింట్లోకి వచ్చి నిలదీసింది.

"పిల్లకి మీ ఊరి దెయ్యాల కథలు చెప్పావా?"

"లేదు మామా."

"మరి దేనికి భయపడుతోంది? శుక్రవారం లోపల తన గదిలో తను పడుకోవాలి. లేదంటే నిన్ను మక్తబ్‌కి పంపేస్తాను. ఖలాస్."

మక్తబ్ అంటే మమ్మల్ని ఇళ్లలో పనికి పెట్టే ఆఫీసు. తిరిగొచ్చిన ఆడవాళ్లు అక్కడ బ్యాగులు పక్కన పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంటారు, వచ్చే ఇల్లు ఎలాంటిదో తెలియక. ఈ ఇంటికి రాకముందు నేనూ అలా కూర్చున్నదాన్నే.

మామా వెళ్లగానే వంటావిడ ఉల్లిపాయలు తరగడం ఆపింది. కడప వైపు మనిషి.

"చెప్పేయ్ మే, ఆ టీవీ చూసి బయపడ్తాందని."

"ఒట్టేశానక్కా."

"అయితే ఆ ఒట్టు నెత్తిన పెట్టుకోని పో మక్తబ్‌కి. అయినా నువ్వు ఎట్ల చెప్తావులే, నువ్వూ నోరు తెరుసుకోని చూస్తివి గదా!"

"ఇస్త్రీ చేసుకుంటా చూశానక్కా. కూకుని చూశానేంటి?"

"ఓయమ్మా! నిలబడి చూస్తే లెక్కలోకి రాదంట!"

గురువారం మధ్యాహ్నం పిల్ల మళ్లీ అదే పెట్టింది. భయపడుతూనే పెట్టేది, అదే నాకు అర్థమయ్యేది కాదు. ఈసారి నేను దెయ్యం కోసం చూడలేదు, ఇల్లు చూశాను.

"ఈ ఇల్లు నలభై ఏళ్లుగా మూసి ఉందన్నావు కదా? అబద్ధం. పొద్దున్నే ఎవరో ఊడ్చారు" అన్నాను నా వంకర అరబీలో.

నేల మీద చీపురు గీతలు. కిటికీ గట్టు మీద చెయ్యి అందినంత మేర తుడిచిన గుర్తు. సాలెగూళ్లన్నీ తోరణం కట్టినట్టు ఒకే ఎత్తులో. రెండేళ్లుగా కువైట్ దుమ్ము తుడుస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? తను నమ్మలేదు. మేడ మీద సామాన్ల గదికి తీసుకెళ్లి తాళం తీశాను. రెండు నెలలు మూసి ఉంచినందుకే సూట్‌కేసుల మీద పిండి జల్లెడ పట్టినట్టు మందంగా దుమ్ము, ఒక్క గీతైనా లేకుండా. తను వేలితో దాని మీద ఒక పిల్లి బొమ్మ గీసింది. తుమ్మింది. పకపకా నవ్వింది.

కిందికొచ్చేసరికి టీవీలో ఆవిడ ఇంకా ఏడుస్తోంది. వేరే గదిలో కూర్చుని కెమెరాల్లో ఆవిడని చూస్తున్న ప్రోగ్రాం వాళ్లు నవ్వుతున్నారు. పిల్ల నవ్వు ఆగిపోయింది.

"ఇదీ అబద్ధమేనా అక్కా?"

ఔననేస్తే నా పని సులువైపోయేది. "ఏడుపు నిజంలాగే ఉంది తల్లీ" అన్నాను.

కాసేపు చూసి, తనే టీవీ ఆపేసింది. ఇలాంటివి పిల్లలు చూడొచ్చా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే దెయ్యాల మాట ఎత్తను. ఆ నవ్వే గది గురించే చెబుతాను.

సాయంత్రం చాయ్ తెచ్చేసరికి తల్లీకూతుళ్లు సోఫాలో ఉన్నారు. పిల్ల అంతా చెప్పేసింది, నాచేత ఒట్టు వేయించుకున్న సంగతితో సహా. మామా నా వైపు తిరిగింది.

"నువ్వూ చూశావా?"

"ఇస్త్రీ చేస్తూ చూశాను మామా."

వంటింట్లోంచి అక్క దగ్గు వినిపించింది. మామా చాయ్ గ్లాసు అందుకుని, "రేపటి నుంచి ఇస్త్రీ పైన చేసుకో" అంది. అంతే. మక్తబ్ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నేను అక్క గదిలో చాప వేసుకున్నాను. పిల్ల తలుపు తీసే ఉంచుకుంది, లైటు వేసే ఉంచుకుంది. కానీ నన్ను పిలవలేదు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే తను లేవకముందే వెళ్లి, ఆ గదిలోంచి నా పరుపు చుట్టి మేడ మీదకి మోసుకెళ్లి, పిట్టగోడ మీద వేసి కర్రతో దులిపాను.