సరబోనియా దేశపు ముఖ్య ఎగుమతులు

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట నుంచి ప్రపంచాన్ని చూడాలంటే రెండే దారులుండేవి. ఒకటి మా హైస్కూల్లో గ్లోబు మాస్టారు చెప్పే జాగ్రఫీ పాఠం, రెండోది తపాలా స్టాంపులు. ఈ రెంటిలో అబద్ధాలు తక్కువ చెప్పేవి స్టాంపులే. ఆ కాస్త తేడా కూడా లేకుండా చేసిన ఘనత నాది. మా తరం పిల్లల్ని తప్పుపట్టకండి. మా ఊరు దాటి నాలుగడుగులు వేస్తే ఒకప్పుడు నిజాం రాజ్యం. అక్కడ వేరే స్టాంపులు, వేరే నాణేలు. నేను పాకే వయసులో ఉండగా ఆ రాజ్యం కాస్తా లేకుండా పోయిందట. ఇక నేనో, మద్రాసు రాష్ట్రంలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలో మూడో తరగతి వెలగబెట్టి, ఆంధ్రప్రదేశ్‌లో హైస్కూల్లో చేరా, ఉన్న ఇల్లు కదలకుండానే. అలాంటి ఊళ్లో ఎవడైనా కొత్త దేశం ఉందంటే నమ్మక ఏం చేస్తారు?

మా నాన్న మిషన్ బళ్లో పంతులు. ఆదివారం బడిలో దొరసానమ్మ గారు బైబిలు వాక్యం ఒప్పజెప్పిన పిల్లలకి అమెరికా నుంచి వచ్చిన బొమ్మ కార్డులు పంచేవారు. నాకు నోటికొచ్చినన్ని వాక్యాలు మా పాస్టరు గారికి కూడా రావు. (భక్తి మాత్రం కార్డు మీద స్టాంపు ఉందా ఊడిపోయిందా అన్నదాన్ని బట్టి ఉండేది.) అలా నా దగ్గర అమెరికా స్టాంపులు గుట్టలుగా పోగయ్యాయి. ఒకసారి వాటి మధ్య 'హెల్వీషియా' అని రాసున్న స్టాంపొకటి దొరికింది. అట్లాసంతా గాలించినా ఆ దేశం కనపడలేదు. గ్లోబు మాస్టారిని అడిగితే కళ్లజోడు పైకి తోసుకుని, ఆఫ్రికా పక్కన చిన్న ద్వీపమనీ, కొబ్బరి బాగా పండుతుందనీ సెలవిచ్చారు. అది స్విట్జర్లాండని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆయన మహా పండితుడు, కాదనను. 'తెలీదు' అన్న ఒక్క మాట తప్ప ఆయనకి అన్నీ వచ్చు.

నాకు పోటీగా ఊళ్లో ఉన్న ఇంకో ఆల్బం మిరపకాయది. వాళ్ల నాన్నది ఎండుమిరప హోల్‌సేల్ కొట్టు కాబట్టి వాడికా పేరు. మనిషి మాత్రం పెరుగన్నం లాంటివాడు. వాడి దగ్గర నిజాం స్టాంపులు బోలెడు. అవి నాకక్కర్లేదు. మూడు కోణాల స్టాంపు ఒకటుండేది, ఏదో ఐరోపా దేశానిది. స్టాంపంటే నలుచదరంగా ఉండేదని నమ్మిన నాకు అది చూసిన రోజు నుంచి అన్నం సయించలేదు. పది అమెరికాలిస్తానన్నా, ఇరవై ఇస్తానన్నా. వాడు తల అడ్డంగా ఊపి, తన దగ్గర లేని దేశం తెమ్మన్నాడు. లేని దేశమేగా, ఎవరి దగ్గరా లేనిదే తెస్తే పోలా అనిపించింది నాకు.

మూడు రోజులు కూర్చుని సరబోనియా దేశాన్ని నిర్మించా. కొంగకీ గద్దకీ మధ్యస్తంగా ఒక పక్షి, దాని వెనక ఓడ, కింద ఇంగ్లీషులో దేశం పేరు, మూలన 'ఏడు బోలాలు' అని వెల. అమ్మ కుట్టు సూదితో చుట్టూ బెజ్జాలు పొడిచి చింపితే పళ్లు పళ్లుగా వచ్చింది. వెనక తుమ్మ జిగురు. మందుసీసా మూతకి దీపం మసి రాసి అద్దితే పోస్టాఫీసు ముద్ర. మిరపకాయ దాన్ని రెండు చేతులా పట్టుకుని చూసి, మారు మాట్లాడకుండా మూడు కోణాల స్టాంపు నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి నా అంత సుఖంగా నిద్రపోయినవాడు తాలూకాలో ఉండడు.

కథ అక్కడితో ఆగితే నేనిప్పుడు రాయాల్సిన పనే లేదు. మర్నాడు వాడు ఆ స్టాంపుని గ్లోబు మాస్టారికి చూపించాడు. ఆయన ఒక్క క్షణం తటపటాయించారు (ఆ క్షణంలో నా గుండె జారి నిక్కర్లోకొచ్చింది), ఆ వెంటనే పాఠం ఎత్తుకున్నారు. సరబోనియా ఉష్ణమండల దేశం. ప్రజలు కష్టజీవులు. ముఖ్య ఎగుమతులు రబ్బరు, మిరియాలు, ఏనుగు దంతాలు. అందరం నోట్సు రాసుకున్నాం. క్వార్టర్లీ పరీక్షలో ఆ ఎగుమతులు రెండు మార్కుల ప్రశ్నగా వచ్చాయి కూడా. దేశాన్ని పుట్టించిన నాకు అందులో ఒక్క మార్కే వచ్చింది. ఏనుగు దంతాలు మర్చిపోయా.

నవ్వులాట అంతవరకే. ఆ శీతాకాలం నందిగామలో తాలూకా బడుల ప్రదర్శన పెట్టారు. మిరపకాయ ఆల్బం మా స్కూలు తరఫున వెళ్తుందనీ, సరబోనియా మొదటి పేజీలో ఉండాలనీ మాస్టారు తీర్మానించారు. వాడి నాన్నకి ఈ అంటింపుల పనంటే మొదట్నుంచీ మంట. బహుమతి వస్తే సరే, రాకపోతే ఆల్బం పొయ్యిలోకి, నువ్వు కొట్లోకి అని కొడుక్కి ఖరాఖండీగా చెప్పేశాడు. చూడ్డానికి తను స్వయంగా వస్తానన్నాడు. వాడు ప్రాణం పెట్టి పోగేసిన ఆల్బం నా కొంగ వల్ల బూడిదవుతుందని నాకు అప్పుడు తెలిసొచ్చింది.

మాస్టారి దగ్గరికెళ్లి నిజం ఒప్పుకున్నా. ఆయన బెత్తం తీశారు. "ఏరా, నేను పాఠం చెప్పిన దేశం లేదంటావా?" అని నాలుగు తగిలించారు. అబద్ధమాడినందుకు కాదు సుమండీ, నిజం చెప్పినందుకు. వాపు తగ్గకముందే మిరపకాయ దగ్గరికెళ్లా. వాడు నా మొహంలోకి జాలిగా చూసి, ఏడుపు మంచిది కాదురా అన్నాడు. జన్మలో రెండుసార్లు నిజం చెప్తే రెండుసార్లూ అదే గతి పట్టింది.

నందిగామకి నన్నూ తీసుకెళ్లారు, గ్లోబు మోయడానికి. స్టాంపుల విభాగానికి న్యాయనిర్ణేత ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారు. భూతద్దంతో నింపాదిగా చూస్తూ మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. ఏ దేశానిదని అడిగారు. మా మాస్టారు ముందుకొచ్చి ఉష్ణమండలం నుంచి ఏనుగు దంతాల దాకా గడగడా అప్పజెప్పారు. పెద్దాయన మర్యాదగా అంతా విన్నారు.

"నలభై ఏళ్లు ముద్రలు కొట్టానండి. ఆ దేశం నుంచి ఒక్క కార్డు ముక్క కూడా రాలేదు. దంతాలే గానీ ఉత్తరాలు ఎగుమతి చెయ్యరు కాబోలు" అన్నారు. తరవాత మిరపకాయ వైపు తిరిగి, దీన్నెవరు గీశారో చెప్పమన్నారు.

వాడి వెనక వాళ్ల నాన్న, భుజమ్మీద కండువాతో. వాడు మెల్లగా నా వైపు చూశాడు. ఆ చూపులో వాడికి అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. నేనేం చేశానంటారా? గ్లోబు మీద ఆస్ట్రేలియాని శ్రద్ధగా పరిశీలించా.

"నేనేనండి, నేనే గీశా" అన్నాడు మిరపకాయ.

పెద్దాయన ఆ పళ్లని వేలితో తడిమి చూసి, స్టాంపుల్లో బహుమతి ఇవ్వలేనన్నారు. కానీ పక్క బల్ల దగ్గరికి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, చిత్రలేఖనంలో మొదటి బహుమతి ఇప్పించారు. వాళ్ల నాన్న అడిగిందల్లా బహుమతి వచ్చిందా లేదా అనే. వచ్చింది. ఆల్బం బతికింది.

తిరుగు బస్సులో మూడు కోణాల స్టాంపు తీసి వాడి ఒళ్లో పెట్టా. వాడు దాన్ని మళ్లీ నా జేబులో దోపి, "బేరం బేరమేరా. లాభం నాకే వచ్చిందిలే" అన్నాడు. మర్నాడు క్లాసులో గ్లోబు మాస్టారు, సరబోనియా ఈ మధ్యనే పక్క దేశంలో కలిసిపోయిందనీ, నోట్సులో ఆ పేరా కొట్టెయ్యాలనీ ప్రకటించారు. ఏ పక్క దేశమని ఎవరూ అడగలేదు. అడిగితే దాని ఎగుమతులు కూడా బట్టీ పట్టాల్సొచ్చేది.

ఆ బహుమతితో ఇచ్చిన యోగ్యతాపత్రం ఇప్పటికీ మిరపకాయ కొట్లో, తక్కెడ పైన, అద్దాల చట్రంలో ఉంది. నా జీవితమంతటికీ వచ్చిన బహుమతి అదొక్కటే, దాని మీద పేరు వాడిది. నేను అటు వెళ్లినప్పుడల్లా నాకు దాని కిందే కుర్చీ వేస్తాడు. ఎవరైనా కొనుగోలుదారు తలెత్తి చదివితే, "చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాణ్ణండి, కావాలంటే ఈయన్నడగండి" అంటాడు, నా వైపు చూడకుండా. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ గ్లోబు వెనక నక్కిన వెధవ గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. "అవునండి, నా కళ్లారా చూశా" అని గట్టిగా చెప్పి, వాడు తెప్పించిన టీ తాగి వస్తా.