వడ్ల వీరేశం చేసిన కెమెరా తల

సూర్యాపేటలో వడ్ల వీరేశం చేసిన బండి నడిదారిలో విరిగిందని ఎవరూ విన్న పాపాన పోలేదు. మాడుగులపల్లి నుంచీ మునగాల నుంచీ రైతులు వచ్చి ఆయన పందిరి కింద పడిగాపులు పడేవారు. ఆ పనితనం గుట్టంతా ఒక్క మాటలో ఉంది: సందు. ఇరుసుకీ చక్రానికీ నడుమ గోరు దూరేంత సందు వదలాలి. బిగించి కూర్చోబెట్టావా, మొదటి గతుకులోనే ఫట్! "జర కదలనియ్యుండ్రయ్యా దాన్ని" అని తోటి వడ్లవాళ్లను కసిరేవాడు. నలభై ఏళ్లు చేసిన పని అది, ఎవడి మాటా వినేవాడు కాదు.

పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, ఉగాది దాటిన వారానికి, కోదాడ బస్సు దిగి ఫోటోలు తీసే దామోదర్ ఆ పందిరి కిందికి వచ్చాడు. చేతిలో మూడు కాళ్ల స్టాండు, నెత్తి మీద మేకపిల్లంత బరువున్న కెమెరా పెట్టె. స్టాండు పైన పెట్టెను పట్టి ఉంచే ఇత్తడి తల, బస్సు టాపు మీద మూటల కింద పడి రెండు ముక్కలైంది. మర్నాడు మిర్యాలగూడలో బియ్యం మిల్లు ప్రారంభం, ఫోటో తియ్యాలి.

"పెద్దాయనా, సాయంత్రం బస్సులోపు దీనికో తల చేసి పెట్టండి. అది లేకపోతే ఈ మూడు కాళ్లూ పొయ్యిలోకే" అన్నాడు.

ఇంకో రోజైతే వీరేశం పొమ్మనేవాడే. కానీ ఫోటో అన్న మాట చెవిన పడగానే చేతిలో బాడిస ఆగిపోయింది. లోపల ఆయన భార్య కొమురమ్మ జొన్నలు చెరుగుతోంది. ఆమె గొంతు మీద గడ్డ నిమ్మకాయంత అయింది. మర్నాడే పట్నం ప్రయాణం, దవాఖానలో కోత. బతుకుతుందని డాక్టరు చెప్పలేదు, బతకదనీ చెప్పలేదు. పిల్లాజెల్లా లేని ఇల్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయన చూసిన మొఖం అదొక్కటే.

"కూలొద్దయ్యా, మా ఇంటామె మొఖం ఫోటో దించియ్యి" అన్నాడు వీరేశం. "మా అమ్మ పోయి ముప్పై అయిదేండ్లాయె. ఎంత తండ్లాడినా ఆమె మొఖం నాకు యాదికొస్తలేదు. ఈమెది గూడ గట్లనే పోతదేమోనని బుగులైతాంది."

దామోదర్ మెత్తబడ్డాడు. "నా దగ్గర ఫోటో పడే గాజు పలకలు రెండే మిగిలాయండీ. ఒకటి మిల్లుకి. రెండోది మీది. అది చెడిందంటే మళ్లీ లేదు మరి!"

ఇక ఎలాంటి తల చెయ్యాలన్న మాట వచ్చింది. గుంటలో గుండు కూర్చునే తల ఒకటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, చిన్న కెమెరాలకు హాయి. బరువు పెట్టెకు ఉత్త బల్లలాంటి తల మేలు, ముందుకీ వెనక్కీ కాస్త వాలితే చాలు. దామోదర్ ఇదంతా చెబుతూనే ఉన్నాడు. వింటేగా! గుండు అనగానే వీరేశం కళ్లు మెరిశాయి.

"ఎటైనా తిరిగేదే మంచిగుంటది. దానికీ జర సందుండాలె గద!"

మధ్యాహ్నానికల్లా తుమ్మ చేవతో గుండు తయారైంది. కింద గుంట, పక్కన బిగించే మర. వేలితో తాకితే చాలు, పెట్టె దిక్కులన్నీ చూస్తోంది. వీరేశం మీసం దువ్వుకున్నాడు. కొమురమ్మను పందిరి కింద పీట మీద కూర్చోబెట్టారు. దామోదర్ మర బిగించి, నల్లగుడ్డ ఎత్తి, ఆయన్ని లోపలికి చూడమన్నాడు.

వీరేశం తల దూర్చాడు. ఓరి దేవుడా! వెనక ఉన్న గరుకు అద్దం మీద కొమురమ్మ, అరచేయంత కొమురమ్మ, తలకిందులుగా కూర్చుని ఉంది. చీర ఎరుపు, ముక్కుపుల్ల తళుకు, ఆడుతున్న కనురెప్పలు, అన్నీ ఉన్నాయి. మనిషిని కొయ్యలో చెక్కొచ్చు, గోడ మీద గీయొచ్చు, ఇది చెక్కింది కాదు, గీసింది కాదు. వెలుతురే వచ్చి కూర్చుంది.

అంతలో ఆమె జారసాగింది. మెల్లగా, ఎవరో కిందికి లాగుతున్నట్టు. ముందు నుదురు అద్దం అంచు దాటింది, తర్వాత కళ్లు, తర్వాత గొంతు.

"పోతాంది! కొమురమ్మ పోతాంది!" అని గుడ్డలోంచే కేకపెట్టాడు వీరేశం.

"నేనేడికి పోయిన్నయ్యా, గీడనే కూసున్న" అంది కొమురమ్మ బొంగురు గొంతుతో.

పెట్టె బరువుకు గుండు గుంటలో ఒరిగిపోతోంది, అంతే. మర ఎంత బిగించినా నిలవలేదు. వీరేశం గుడ్డలోంచి బయటికొచ్చి చతికిలబడ్డాడు. నలభై ఏళ్ల పనితనం ఆ పెట్టె ముందు పనికిరాకపోయింది. లోకంలో కదలకూడని వస్తువు కూడా ఒకటి ఉంటుందని ఆయనకు ఆ పూటే తెలిసింది.

గుండును అవతల పారేశాడు. పాత టేకు చెక్కలు రెండు తీసి, ఒక అంచున కీలు వేసి ఒకదాని మీద ఒకటి పరిచాడు. వాలు కావాలంటే రెంటి మధ్య ఏటవాలుగా చెక్కిన ముక్క దిగగొట్టాలి. నడుమ ఒక్క ఇనప మర, మొత్తం బిగిసిపోవాలి. గోరు కాదు, వెంట్రుక కూడా దూరకూడదు. చెక్కుతున్నంతసేపూ చేతులు అలవాటుకొద్దీ సందు వదలబోతుంటే వాటిని తిట్టుకుంటూ చేశాడు. పొద్దు వాలకముందే తల సిద్ధమైంది. దామోదర్ పెట్టె ఎక్కించి అద్దంలో చాలాసేపు చూశాడు. చీమంత కూడా జరగలేదు.

"మీరూ పక్కన నిలబడండి పెద్దాయనా. అయిదు లెక్కపెట్టేదాకా ఇద్దరూ బిగదీసుకుని ఉండాలి."

"ఏమయ్యో, ముప్పయ్యేండ్ల సంది సూత్తనే ఉన్నవు నా మొఖం, సాల్లేదా?" అని ఎత్తిపొడిచింది కొమురమ్మ. వచ్చిన నవ్వును దాచుకుని కూర్చుంది.

ఒకటి. రెండు. వీరేశం గుడ్లు మిటకరించి నిలబడ్డాడు. పక్కన చడీచప్పుడూ లేదు. గాజు కూడా గలగలమనలేదు. మూడు. ఇంత కదలకుండా మనిషి ఉంటుందా? ఊపిరుందా అసలు? నాలుగు అనేసరికి ఉండబట్టలేక పక్కకు తిరిగి ఆమెను చూశాడు. ఆమె అలాగే ఉంది, దీపంలా.

పట్నంలో కోత జరిగిన నాలుగో రోజున కొమురమ్మ పోయింది.

నెల తిరక్కుండా దామోదర్ కోదాడ నుంచి ఫోటో పట్టుకుని తానే వచ్చాడు. ఫోటోలో కొమురమ్మ ముక్కుపుల్ల దగ్గర నుంచి నుదుటి ముడత దాకా అచ్చంగా ఉంది, గొంతు మీది గడ్డతో సహా. పెదవి చివర దాచుకున్న నవ్వు కూడా దొరికింది. పక్కన నిలబడ్డ మగమనిషికి మాత్రం మొఖం లేదు. కండువా పైన ఉత్త పొగ.

"మీరు కదిలారు పెద్దాయనా" అన్నాడు దామోదర్ నొచ్చుకుంటూ. "ఇవాళ పలకలు తెచ్చాను. మీది విడిగా తీస్తాను, కూర్చోండి."

వీరేశం ఫోటోను రెండు చేతులా పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. వేలితో తాకబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"నాదెందుకయ్యా, నేను గీడనే ఉన్న గద" అన్నాడు. "సూడు, ఆమె జర గూడ కదల్లే."